ట్యాంకులో నీళ్లు

గడ్డి కోసే మిషను పెట్రోలు ట్యాంకులో నీళ్లున్నాయి, ఆ మిషను పెట్టిన షెడ్డుకి ఉన్న ఒక్క తాళంచెవీ నా మెడలో గొలుసుకి వేలాడుతోంది. ట్యాంకులోంచి ఒంపిన గాజు సీసాని వెలుతురుకి ఎత్తి ఇంకోసారి చూశాను. పైన లేత పసుపు రంగులో పెట్రోలు, కింద నాలుగు వేళ్ల మందాన నీళ్లు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. సీసాని ఊపితే గీత చెదిరింది, నీళ్లు పూసల్లా విడిపోయి మెల్లగా కిందికి జారి మళ్లీ గీత కట్టాయి. నలభై ఏళ్లు చిన్న ఇంజన్లు బాగుచేసి బతికినవాణ్ణి, ఈ గీతని ఎన్ని వందలసార్లు చూసుంటాను, చూసిన ప్రతిసారీ ఎదురుగా నిలబడ్డ మిషను యజమానిని ఒకటే అడిగేవాణ్ణి, ఎవరు పోశారండీ అని. ఇప్పుడు అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. బల్ల, గోడకి వరసగా స్పానర్లు, గడ్డి కోసే మిషను, నేను. పదిన్నరయింది. పన్నెండింటికి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నా జ్ఞాపకశక్తి ఉందా, పోతోందా అని చూసే డాక్టరు.

అసలు ఈ పూట దీని జోలికి రావాల్సిన పనే లేదు. గడ్డి రేపు కోసినా అదేం పెరిగి మీద పడదు. కానీ పొద్దున లేచిన దగ్గర్నించి ఒకటే గుబులు, ఆ డాక్టరు అయిదు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడుగుతాడట, వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మంటాడట, అవన్నీ నాకెందుకు, నాకు తెలిసిన పరీక్ష ఒకటే, తాడు లాగితే ఇంజను అందుకోవాలి. అందుకుంటే నేను బాగున్నట్టు. అలా నాతో నేనే పందెం వేసుకుని చెప్పులేసుకుని వచ్చాను. మూడుసార్లు లాగాను. మూడుసార్లూ తాడు వెనక్కి చుట్టుకుందే తప్ప ఇంజను కనీసం దగ్గనైనా దగ్గలేదు. నాలుగోసారి లాగలేదు. దుకాణంలో పనికి చేరిన ప్రతివాడికీ నేను మొదట నేర్పింది అదే, మూడు లాగుళ్లు, ఆ తర్వాత చెయ్యి ఆపి బుర్ర పెట్టాలి, నాలుగోది లాగేవాడు మెకానిక్కు కాదు, పహిల్వాను. ఇంజను బతకడానికి మూడే కావాలి, నిప్పు, గాలి, పెట్రోలు. ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకి ఆనించి తాడు లాగితే చిటుక్కున నీలం మెరుపు, నిప్పు ఉంది. గాలి వడకట్టే స్పాంజి శుభ్రంగా ఉంది, పోయిన నెల నేనే సబ్బునీళ్లలో ఉతికి ఆరేశాను, అది గాలికెగిరి కంచె దాటి పక్కింటి సంగీతం టీచరు గుమ్మంలో పడింది, ఆవిడ రెండు వేళ్లతో చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకొచ్చి, "మీదేనాండీ ఇది?" అంది. చూశారా, అంత వివరంగా గుర్తుంది. ఇంత గుర్తున్నవాడు పెట్రోలు ట్యాంకులో నీళ్లు పోస్తాడా.

వానకి దిగాయా. కప్పు రేకు కిందనుంచి చూస్తే ఎక్కడా వెలుగు చొరబడటం లేదు, ట్యాంకు మూత బిగుతుగా ఉంది, లోపలి రబ్బరు కొత్తది. సగం ఖాళీ ట్యాంకులో చలికి తేమపట్టి నాలుగు చుక్కలు కట్టడం మామూలే, కానీ ఇవి చుక్కలు కావు, ఇవి పోసిన నీళ్లు. బంకులో కల్తీయా అంటే అదే బంకు పెట్రోలుతో మా అమ్మాయి కారు వారమంతా తిరిగింది. మూలనున్న పెట్రోలు డబ్బా మూత తీసి కళ్లు పెట్టి చూశాను. ఖాళీ, పొడి. అడుగున కాస్త ఉండాలి కదా. ఉండాలా? ఉందని అనుకుంటున్నానా, ఉండేదా? ఇక మనుషుల సంగతి. నా కథలో దోషి ఎవరో తేల్చడానికి పెద్ద గుంపేమీ లేదు. సంగీతం టీచరుకి కారణం ఉంది, నా మిషను కూతకి ఆవిడ పిల్లల శ్రుతి చెదిరిపోతోందని రెండుసార్లు చెప్పింది, కానీ నవ్వుతూ చెప్పింది, పైగా తాళంచెవి లేదు. మా ఆవిడ ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఈ షెడ్డులో అడుగుపెట్టింది ఒక్కసారి, పామొచ్చిందని నేను అరిచినప్పుడు, అదీ పాముని కొట్టడానికి, నన్ను చూడటానికి కాదు. ఇక ఇంట్లో ఉన్న మూడో మనిషి బావమరిది. ఫ్యాక్టరీ క్యాంటీనులో వంట చేసి చేసి పోయినేడు మానేశాడు, వాడి గదికి రంగులు వేయిస్తున్నారని పది రోజులుగా మా దగ్గరే ఉంటున్నాడు. ఒకప్పుడు నా మంచి స్క్రూడ్రైవరుతో నూనె డబ్బా మూత ఊడదీశాడు, ఆ రోజు నేను అన్న మాటలకి ఇప్పటికీ షెడ్డు వైపు చూడటానికే జడుస్తాడు, మిషను పక్కనుంచి నడవాలంటే రెండడుగులు ఎడంగా నడుస్తాడు, కరుస్తుందేమోనన్నట్టు. ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ వస్తే చివరికి మిగిలింది ఒక్కడే. వాడి మెడలోనే తాళంచెవి ఉంది.

గాలి కోసం బయటికి వచ్చాను. పెరట్లో గడ్డి మోకాలి కిందిదాకా పెరిగి ఉంది, పక్కింట్లోంచి ఎవరో పిల్ల ఒకే చరణాన్ని పట్టుకుని దాని మీద పడి కొట్టుకుంటోంది, పాడటం, ఆగడం, మళ్లీ మొదలు. అప్పుడు కనిపించింది. కంచె వారన ఆరేడు అడుగుల పొడవున, సరిగ్గా మా మిషను వెడల్పున ఒక చాలు. కోసిన గడ్డి. కొసలు వడలి గోధుమరంగుకి తిరిగాయి, అంటే కోసి రెండు రోజులైంది. వంగి వేళ్లతో తడిమి చూశాను, బ్లేడు పడ్డ గడ్డే, సందేహం లేదు. నేను కోయలేదు. నేనెప్పుడూ గేటు దగ్గర మొదలెట్టి చుట్టూ తిరుగుతాను, కంచె దగ్గర మొదలెట్టనే పెట్టను. కోయలేదు. కోశానా? రెండు రోజుల కిందట అంటే ఆదివారం, ఆదివారం ఏం చేశాను, పొద్దున పేపరు, తర్వాత స్నానం, తర్వాత భోజనం, మధ్యలో, మధ్యలో ఏముంది, మధ్యలో తెల్లగా ఏదో ఖాళీ, ఆ ఖాళీ అందరికీ ఉండే ఖాళీయేనా, లేక అందులో ఒకడు తాళం తీసి మిషను బయటికి లాగి ఒక చాలు కోసి పెట్రోలు అయిపోతే కొళాయి దగ్గరికి నడిచాడా. వెనక్కి వచ్చి స్టూలు మీద కూలబడ్డాను.

అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. అన్నయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు, ముప్పై ఏళ్లు ఊరందరి తప్పులూ ఎర్ర సిరాతో పట్టుకున్న మనిషి. ఒకరోజు వదిన ఫోను చేసింది, స్కూటరు స్టార్టవడం లేదు, ఒకసారి వచ్చి చూడు, అని. వెళ్లాను. ట్యాంకు ఒంపితే ఇదే గీత. వదిన నన్ను పక్కకి పిలిచి మంచినీళ్ల జగ్గు చూపించి, పొద్దున ఆయన జగ్గు పట్టుకుని స్కూటరు దగ్గర నిలబడి ఉండటం తను కిటికీలోంచి చూశానని చెప్పింది, చెబుతున్నంతసేపూ ఆ జగ్గుని కొంగుతో తుడుస్తూనే ఉంది. నేను కార్బురేటరు విప్పి కడుగుతుంటే అన్నయ్య నా పక్కనే గొంతుక్కూర్చుని, సీసా వంక చాలాసేపు చూసి, ఎంతో ఆసక్తిగా, "ఎవడు పోశాడ్రా ఇందులో నీళ్లు?" అన్నాడు. నటన కాదు. అన్నయ్యకి నటన చేతకాదు. నిజంగానే తెలియదు. ఎవడో వెధవ తన స్కూటరు పాడుచేశాడని బాధపడ్డాడు కూడా. నేను తల ఎత్తకుండా, "వానకి దిగుంటాయి అన్నయ్యా," అన్నాను. ఆ తర్వాత నాలుగేళ్లు. చివరి ఏడు నేను వెళితే లేచి నిలబడి నమస్కారం పెట్టి, ప్రెస్సు ఓనరు గారు వచ్చారని వదినని టీ పెట్టమనేవాడు. కాబట్టి నేను పోయలేదని నాకు తెలుసు అన్న మాటకి ఒక్క పిసరు విలువ లేదు. అన్నయ్యకీ తెలుసు, తను పోయలేదని.

ఇంతకీ నా మీద ఉన్న నేరాలేమిటి. మొన్న చలికాలంలో ఒకాయన మిషనుకి ఆయిలు మార్చి కింద బోల్టు బిగించడం మరిచిపోయాను, ఆయన ఇంటికెళ్లేలోపు కారు డిక్కీ అంతా ఆయిలు, నలభై ఏళ్లలో అదే మొదటిసారి, ఆ నెలాఖరుకి దుకాణం మూసేశాను. మూయడానికి మోకాళ్లు కారణమని అందరికీ చెప్పాను. అమ్మాయికి చెప్పిన కబురే రెండుసార్లు చెప్పాను, రెండోసారి అది అడ్డురాలేదు, చివరిదాకా వింది, వినేసి ఫోను పెట్టేశాక వాళ్లమ్మకి చేసింది. అంతే, డాక్టరు దగ్గర పేరు రాయించేశారు. ఇవి రెండే. ఇవి ఎవరికైనా జరుగుతాయి, అరవై నాలుగేళ్లకంటే ఇంకా ముందే జరుగుతాయి, అని వారం రోజులుగా నన్ను నేను సముదాయించుకుంటున్నాను, బాగానే సముదాయించుకున్నాను కూడా, ఇదిగో ఈ సీసా చేతికొచ్చేదాకా.

"ఏమండీ, పదకొండు కావస్తోంది. ఆ పెట్రోలు కంపు వదలాలంటే అరగంట తోమాలి, ఆ డాక్టరు పాపం ఏం చేశాడని."

మా ఆవిడ. షెడ్డు గడప బయటే, చేతిలో నా ఇస్త్రీ చొక్కా. సీసా దాచేద్దామనుకున్నాను, కానీ దాచలేదు.

"ట్యాంకులో నీళ్లున్నాయి," అన్నాను.

తను సీసా వంక చూసింది, నా వంక చూసింది. చొక్కా కాలరు సరిగ్గానే ఉన్నా సరిచేసింది.

"వానకి దిగుంటాయి లెండి," అంది.

అదే మాట. అన్నయ్యకి నేను చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా. ఈ నెలలో వాన పడలేదు, అది తనకీ తెలుసు. అంటే తను కూడా లెక్క వేసేసింది, వేసి, నేను ఆ రోజు చేసిన పనే చేసింది, తల ఎత్తకుండా మెత్తగా ఒక అబద్ధం పరిచింది, నేను దాని మీద కూర్చోవడానికి. "అయిదు నిమిషాల్లో వస్తాను," అన్నాను. తను వెళ్లలేదు, అక్కడే మెట్టు మీద కూర్చుంది, చొక్కా ఒళ్లో పెట్టుకుని. వంటింటి తలుపు దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు, భుజం మీద తువ్వాలు, చేతిలో టీ గ్లాసు, లోపలికీ పోడు బయటికీ రాడు.

సరే, డాక్టరు ఏమన్నా అననీ, ముందు దీని పని చూడాలి. పని చేస్తుంటే చేతులకి భయం తెలియదు, అదొక్కటీ మంచిది. కార్బురేటరు గిన్నె కింద ఒకే ఒక్క బోల్టు, పది నంబరు స్పానరు, గోడ వైపు చూడకుండానే చెయ్యి దాన్ని అందుకుంది. గిన్నె జారి అరచేతిలో పడింది, అందులోనూ అదే, అడుగున నీటి గుడ్డు ఒకటి వణుకుతూ. ఒంపేశాను. మధ్య నాళంలో బెజ్జం వెంట్రుకంత ఉంటుంది, దానికి నీటిచుక్క ఒక్కటి అడ్డం పడితే చాలు, ఎంత పెట్రోలున్నా ఇంజను నోరు తెరవదు. రాగితీగ పెట్టి పొడిచాను, నోటితో ఊదాను, వెలుగుకి పెట్టి చూస్తే బెజ్జంలో చిన్న సూర్యుడు. ఈ బెజ్జంలోంచి చూడటం నాకు నేర్పింది కూడా అన్నయ్యే, ప్రెస్సులో జనరేటరు ఆగిపోతే ఇద్దరం కలిసి విప్పాం, వాడికి పద్దెనిమిది, నాకు పన్నెండు, ఇటు చూడరా, అవతల నుంచి నేను చూస్తాను, అన్నాడు, బెజ్జానికి అటు వాడి కన్ను, ఇటు నాది. విడిభాగాలు కడగడానికి దాచుకున్న సీసాలోంచి కొంచెం కొత్త పెట్రోలు ట్యాంకులో పోసి గిర్రున తిప్పి ఒంపేశాను, మళ్లీ పోసి మళ్లీ ఒంపాను, మూడోసారి పోసింది ఉంచేశాను. ప్లగ్గు తుడిచి ఎండలో పెట్టాను. సిలిండరు లోపల తడి పోవడానికి ప్లగ్గు లేకుండా నాలుగుసార్లు ఊరికే తాడు లాగాను, బెజ్జంలోంచి తుస్సుమని ఆవిరి. అన్నీ బిగించాను. మరి గిన్నె బోల్టు? బిగించాను. మళ్లీ చెయ్యి పెట్టి చూశాను, బిగించే ఉంది. ఇంకోసారి చూశాను. ఆ మూడోసారి చూడటం చూసి మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

చోక్ వేశాను. కాలు మిషను మీద ఆనించాను. ఒకటి. ఏమీ లేదు. రెండు. దగ్గింది. చోక్ సగం తీశాను, మూడోది లాగబోతూ ఆగాను, ఇది అందుకుంటే ఏం తేలుతుంది, నా చేతులకి పని గుర్తుందని తేలుతుంది, అంతే, అన్నయ్య కూడా చివరి నెలదాకా పేపరు చేతికిస్తే అచ్చుతప్పులు పట్టేవాడు, నా పేరు మాత్రం చెప్పలేకపోయేవాడు. లాగాను. ఇంజను ఒక్కసారి తుళ్లింది, తెల్లటి పొగ గుప్పున కక్కింది, మిగిలిన తేమంతా చిటపటలాడి, తడబడి, తడబడి, ఆ తర్వాత గొంతు దొరికినట్టు ఒకే జోరున పట్టుకుంది. పక్కింటి పాట ఠక్కున ఆగిపోయింది. షెడ్డు రేకులు, బల్ల మీద బోల్టులు, నా పళ్లు, అన్నీ దాంతోపాటు ఊగుతున్నాయి. ఎంత హాయిగా ఉంది. ఓ నిమిషం అలాగే నిలబడి విన్నాను, మరేమీ లేదు, వినడమే. తర్వాత ఆపేశాను.

నిశ్శబ్దంలో నా గొంతు నాకే వింతగా వినిపించింది. "వానకి దిగలేదే. నేనే పోశాను. ఆదివారం మిషను తీసి ఆ వారన ఒక చాలు కోశాను, పెట్రోలు అయిపోతే నీళ్లు పోశాను. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. డాక్టరుకి ఇది చెప్పాలి, నేను దాటేస్తే నువ్వు చెప్పు. అమ్మాయికి కూడా. మా వదిన ఏడాదిపాటు దాచింది, నువ్వు దాచకు."

మా ఆవిడ లేవలేదు, చొక్కాలో మొహం పెట్టుకుంది, ఇస్త్రీ అంతా పోయింది. నేను చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతుకుతున్నాను, బల్ల మీదే ఉంది, కనపడటం లేదు. అప్పుడు పెరట్లోంచి అడుగుల చప్పుడు. బావమరిది. ఎడంగా నడవలేదు, తిన్నగా మిషను పక్కకే వచ్చి నిలబడ్డాడు, టీ గ్లాసు నా చేతికి ఇవ్వబోయి, ఆగి, మిషను మీద పెట్టబోయి, భయపడి, చివరికి తనే పట్టుకున్నాడు.

"బావా, తిడితే తిట్టు, కొడితే కొట్టు, అక్కా నువ్వు మాత్రం ఏడవకు. ఆదివారం బావ స్నానానికి వెళ్లినప్పుడు గొలుసు తీసి కొక్కేనికి తగిలించాడు. రోజూ తగిలిస్తాడు, నేను చూస్తూనే ఉన్నాను. పది రోజులుగా కాళ్లు చాపుకుని కూర్చున్నాను, ఈయన చూస్తే నిద్రపట్టక మొహం పీక్కుపోయి తిరుగుతున్నాడు, గడ్డయినా కోసిపెడదామనుకున్నాను. తాళం తీశాను. నువ్వు లాగడం చూసి చూసి నాకూ వచ్చేసింది బావా, రెండో లాగుడుకే అందుకుంది. నాకు ఒళ్లంతా పులకరించిపోయిందనుకో. అక్క బజారుకెళ్లింది, నువ్వు లోపల కొళాయి తిప్పుకుని పాటందుకున్నావు, నీకేం వినపడుతుంది. నాలుగడుగులు వేశానో లేదో ఆగిపోయింది. చూస్తే ట్యాంకు అడుగంటింది. డబ్బా ఎత్తితే అడుగున కాస్త ఉంది, ఒంపితే సగం జారింది, మిగతాది అంచులకి పట్టుకుని రాదు. ఏం చేస్తాం, చేతులకి అలవాటు. క్యాంటీనులో నూనె డబ్బా అయినా, టమాటా గుజ్జు డబ్బా అయినా కాసిని నీళ్లు పోసి గిలక్కొట్టి గిన్నెలో పోయకుండా నేను ఏనాడూ పారేయలేదు. అలాగే పోశాను. తర్వాత డబ్బా తుడిచి ఎండలో ఆరబెట్టి మళ్లీ మూలన పెట్టాను, శుభ్రంగా. అది ఇంక కదల్లేదు. నువ్వు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చే వేళయింది, లోపలికి నెట్టేసి తాళం వేసి గొలుసు కొక్కేనికి తగిలించేశాను. నువ్వు మిషను గురించే తిడతావనుకున్నాను బావా, నిన్ను నువ్వు ఇలా అనుకుంటావని నా బుర్రకి తట్టలేదు, తడితే ఆ రోజే కాళ్ల మీద పడేవాణ్ణి. ఇందాక నువ్వు సీసా ఎత్తి చూస్తుంటే వంటింట్లోంచి చూశాను, అప్పుడే రావాల్సింది, కాళ్లు రాలేదు. అలా నవ్వకు బావా, నాకు భయమేస్తోంది. అక్కా, చూడవే, ఈయన నవ్వుతున్నాడు. ఇంకా ఒక్కటుంది, అదీ చెప్పేస్తాను, మళ్లీ నా మనసులో ఉండకూడదు. ఒకసారి కాదు, రెండుసార్లు పోశాను. మొదటిసారి పోశాక డబ్బా వాసన చూస్తే ఇంకా పెట్రోలు వాసనే వస్తోంది, అంత సారం వృథాగా పోనివ్వడమెందుకని."